కొట్టాల నీళ్లు

వేముల మండలంలో రైతును పొలం గురించి అడిగితే ముందు ఎకరాలు చెప్పడు, బోరు సంగతి చెబుతాడు. ఎన్ని అడుగుల్లో నీళ్లు పడినాయి, ఎన్ని అంగుళాలు పోస్తోంది, మే నెలలో ఎన్ని గంటలు ఆడుతుంది, నీళ్లు మంచివా ఉప్పువా. పదెకరాలున్నా నీళ్లు లేకుంటే అది బీడే. రెండెకరాలున్నా బోరు బాగుంటే ఆ ఇల్లు గడిచిపోతుంది. నీళ్లు లేక పాడైన ఊళ్ల కథలు రాయలసీమలో కొల్లలు. తుమ్మలపల్లె చుట్టుపక్కల పల్లెలది ఆ కథ కాదు. అక్కడ బోర్లలో నీళ్లుండగానే బతుకు చెడింది. అందుకే ఆ దుఃఖాన్ని పక్క మండలం వాళ్లకు చెప్పినా ఒక పట్టాన అర్థం కాదు.

పులివెందుల నుంచి వేంపల్లెకు పోయే దారిలో వేముల వస్తుంది. ఆ చుట్టూ కొండల వరుసలు, వాటి అడుగున తుమ్మలపల్లె, రాచకుంటపల్లె, భూమయ్యగారిపల్లె, మబ్బుచింతలపల్లె, కె.కె.కొట్టాల. తూర్పున పాపాఘ్ని. అది గండి కొండల మధ్య నుంచి వేంపల్లె మీదుగా సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. కడప జిల్లా సగటు వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లు. పులివెందుల వైపు అంత కూడా పడదు. పడిన నాలుగు చినుకులూ రాతి పగుళ్లలోకి దిగిపోతాయి. ఆ రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు వేంపల్లె పేరే పెట్టారు. సున్నపురాతి జాతికి చెందిన డోలమైటు అది. దానిలో నీళ్లు చెరువులా ఒకచోట నిలిచి ఉండవు, పగుళ్ల వెంట పాకుతాయి. ఒకరి చేనులో 300 అడుగులకే నీళ్లు ఎగదన్నుతాయి. గట్టుకు అవతల 800 అడుగులు తోలినా పొడి దుమ్మే లేస్తుంది. అందుకే టెంకాయ అరచేతిలో పెట్టుకొని నీళ్ల జాడ వెతుకుతూ చేలో తిరిగేవాడికి సీమలో అంత విలువ.

బోర్లు రాకముందు బావులుండేవి. చేలల్లో కపిల బావులు, ఊళ్లో దిగుడుబావి, పేటకొక చేదబావి. ఊరిబావి అందరిదీ అనే మాట పూర్తిగా నిజం కాదు. ఎవరు గిలక ముట్టుకోవచ్చు, ఎవరు దూరంగా కడవ పెట్టి నిలబడాలి అనే అన్యాయం ప్రతి బావి దగ్గరా ఉండేది. ఆ మాట దాచిపెట్టి బావుల కాలాన్ని పొగడడం నాకు చేతకాదు. అయినా ఆ బావుల దగ్గర ఒక విద్య ఉండేది. కందిపప్పు ఏ బావి నీళ్లకు మెత్తగా ఉడుకుతుందో, ఏ నీళ్లకు గంటసేపు మంట పెట్టినా పలుకుగానే ఉంటుందో ఆడవాళ్లకు తెలుసు. ఏ నీళ్లలో సబ్బు నురగ పడుతుందో, ఏ నీళ్లు తాగితే పిల్లల పళ్లకు గార పడుతుందో, ఏ బావి వానాకాలంలో రంగు మారుతుందో ఊరంతా ఎరుగుదురు. బావిలో కుక్క పడినా ఎవరో ఒకరు చూస్తారు. దిగి, తోడి, సున్నం చల్లి, మూడు రోజులు ఆగి మళ్లీ నీళ్లు పట్టుకుంటారు. నీళ్ల మంచి చెడ్డ తేల్చడానికి ఊరి కన్ను, ముక్కు, నాలుక చాలిన కాలం అది.

1980ల నుంచి బోరు బండ్లు ఊళ్లోకి వచ్చాయి. బావులు ఎండాయి. కొన్నింటిని మట్టితో పూడ్చారు, కొన్నింట్లో చెత్త పోశారు. నీళ్లు 200, 400, 600 అడుగులకు దిగజారాయి. నీళ్లు కంటి చూపుకు అందకుండా పోవడం అప్పుడే మొదలైంది. అది నష్టమని అప్పుడు ఎవరికీ తోచలేదు. తోచే పరిస్థితి కూడా లేదు, ఎందుకంటే బోరు వెంబడి అరటి వచ్చింది.

పులివెందుల అరటి గురించి కొంచెం చెప్పాలి. ఇక్కడి ఎండకు, గాలిలో తేమ తక్కువ కావడం వల్ల కాయ మచ్చ లేకుండా దిగుతుంది. టిష్యూ కల్చర్ మొక్క నాటి, డ్రిప్పు పైపు పరచి, పదకొండు పన్నెండు నెలలు కాపాడుకుంటే గెల కోతకు వస్తుంది. మంచి తోటలో గెల బరువుకు చెట్టు వంగుతుంది, దానికి ఊతకర్ర పెడతారు. ఢిల్లీ వ్యాపారి తోట దగ్గరికే లారీ తెచ్చుకుంటాడు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు ప్రత్యేక రైలు కట్టి ఈ ప్రాంతపు అరటిని గల్ఫ్ దేశాలకు పంపారు. వేరుశనగ వేసి వానకోసం ఆకాశం చూసిన కుటుంబాలు అరటితోనూ చీనీతోనూ పిల్లల్ని ఇంజనీరింగు చదివించాయి. కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లి తోటలు ఆ సంపదలో భాగమే. అరటికి పెట్టుబడి ఎక్కువ, దాహం ఇంకా ఎక్కువ. నీళ్లు నాలుగు రోజులు తేడా చేస్తే ఆకు చెబుతుంది. ఆ ఊళ్లలో కడపటి సాక్షి ఆ ఆకే అయింది.

ఆ డోలమైటు రాతిలోనే యురేనియం ఉంది.

హైదరాబాదు బేగంపేటలో కార్యాలయమున్న అణు ఖనిజాల అన్వేషణ సంస్థ వాళ్లు ఈ కొండల్లో దశాబ్దాల పాటు తవ్వి చూశారు. ఖనిజం పరచుకొని ఉంది గానీ చాలా పలచన. టన్ను రాయి పిండి చేస్తే అర కిలో యురేనియం కూడా రాదు. పైగా సున్నపురాయి కాబట్టి జార్ఖండ్‌లోని జాదుగూడలో చేసినట్టు ఆమ్లంతో కరిగించడం కుదరదు. ఆమ్లమంతా రాయే తాగేస్తుంది. అందువల్ల చాలాకాలం ఆ నిక్షేపాన్ని అలాగే వదిలేశారు. తర్వాత క్షార పద్ధతి సిద్ధం చేశారు. రాతిపిండిని సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో, ఎక్కువ వేడిలో, ఎక్కువ పీడనంలో, ఆక్సిజన్ పంపి ఉడికిస్తారు. యురేనియం నీళ్లలోకి దిగుతుంది. దాన్ని సోడియం డైయురనేట్‌గా వేరుచేసి పంపుతారు. మిగిలిన బురద చెరువుకు పోతుంది.

ప్రాజెక్టు కోసం 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం అడ్డం తిరిగారు. భూములు పోతాయని కొందరు, నీళ్లు పాడవుతాయని కొందరు, జాదుగూడ గని చుట్టూ జనం పడిన బాధలు విన్న కార్యకర్తలు కొందరు. పోలీసు బందోబస్తు మధ్య తంతు ముగిసింది. 2007 నవంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. పులివెందుల ఆయన సొంత నియోజకవర్గం. ఆయన మాట మీద ఆ ప్రాంతపు ప్రజలకున్న నమ్మకం సామాన్యమైంది కాదు. ఇంటికొక ఉద్యోగం వస్తుందని, ఊళ్లు బాగుపడతాయని, దేశానికి కరెంటు వస్తుందని ఆశపడ్డారు. ఆ ఆశను ఇప్పుడు ఎగతాళి చేసేవాళ్లను చూస్తే నాకు కష్టమనిపిస్తుంది. కరువు సీమలో కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీ వస్తానంటే వద్దనగలిగే ఇల్లు ఎన్ని ఉంటాయి? 2011 జూలైలో అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ, తుమ్మలపల్లెలో 49,000 టన్నుల యురేనియం ఖాయమైందని, అది 1,50,000 టన్నుల దాకా పోవచ్చని ప్రకటించారు. ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి కావచ్చన్నారు. ఊరి పేరు దేశమంతా మోగింది. 2012లో గని, మిల్లు పనిలోకి వచ్చాయి. రోజుకు 3,000 టన్నుల రాయి ఆడించే మిల్లు అది.

ఇక్కడ ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. టన్నుకు అర కిలో కంటే తక్కువ తీసుకుంటే తక్కినదంతా ఎక్కడికి పోవాలి? కొండల మధ్య లోయకు అడ్డంగా కట్ట వేసి, కె.కె.కొట్టాల పక్కన వ్యర్థాల చెరువు కట్టారు. ఆంగ్లంలో టెయిలింగ్స్ పాండ్ అంటారు, ఊళ్లో టెయిల్‌పాండ్ అనే అంటారు. యురేనియం తీసేసిన మాత్రాన ఆ బురద ఉత్త మట్టి అయిపోదు. రాయిలో యురేనియంతో పాటు పుట్టిన థోరియం-230, రేడియం-226 అందులోనే ఉండిపోతాయి. మొదట రాయిలో ఉన్న రేడియోధార్మికతలో నూటికి 85 పాళ్ల దాకా వ్యర్థంలోనే మిగులుతుంది. మిల్లులో పోసిన సోడియం ఉంటుంది, రాయిలోని గంధకం నుంచి పుట్టిన సల్ఫేటు ఉంటుంది, తీయగా మిగిలిన కొద్దిపాటి యురేనియం ఉంటుంది. ఆ యురేనియం మామూలు యురేనియంలా మట్టికి అతుక్కొని ఉండేది కాదు. కార్బొనేటుతో జత కట్టిన యురేనియం నీళ్లతోపాటు సులువుగా ప్రయాణం చేస్తుంది. అందుకేగా మిల్లులో కార్బొనేటు పోసింది. మిల్లులో ఏ గుణం పనికొచ్చిందో చెరువు అడుగున అదే గుణం శత్రువవుతుంది.

కాబట్టి ఆ చెరువుకు అడుగే ప్రాణం. బెంటోనైటు అనే బంకమట్టిని మందంగా పరిచి దట్టించాలి, దానిమీద ప్లాస్టిక్ పొర వేయాలి, అంచులు అతకాలి, అప్పుడు గానీ బురద వదలకూడదు. నీళ్లను పగుళ్లలోకి లాగేసుకునే రాతినేల మీద ఈ పని ఇంకా కచ్చితంగా జరగాలి. ఈ అడుగు అనుమతి పత్రంలో రాసిన ప్రకారం వేయలేదన్నది రైతుల ఆరోపణ, వాళ్ల తరఫున మాట్లాడిన శాస్త్రవేత్తల ఆరోపణ. గనినీ మిల్లునూ నడిపే యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దాన్ని ఒప్పుకోలేదు. బురద నిండిన చెరువు అడుగు ఎత్తి చూపించగలిగేవాళ్లు లేరు. నింపకముందే ఊరివాళ్లను పిలిచి, ప్రతి అతుకూ చూపించి, ఫొటోలు తీసి పంచాయతీలో పెట్టి ఉంటే ఈ తగాదా ఆనాడే తీరిపోయేది.

మిల్లు తిరగడం మొదలైన కొన్నేళ్లకు కొట్టాల చేలల్లో తేడా కనబడింది. రైతులు చెప్పిన వరస ఇది. డ్రిప్పు పైపు చుక్క వదిలే చోట తెల్లని పొర కట్టింది. గీరితే ఉప్పులా రాలింది. మెత్తగా పారతో తిరగబడే ఎర్రనేల బిగుసుకుపోయి, పెళ్లలుగా లేచింది. అరటి ఆకు అంచు మాడింది. ఆ మాడు లోపలికి పాకింది. పిలక ఎదగలేదు. నాటిన మొక్క మోకాలెత్తున నిలిచిపోయింది. గెల వేసిన చెట్టులో కాయ ఊరలేదు. నీళ్లు మార్చి చూద్దామంటే వేరే నీళ్లు లేవు. ఎరువు మార్చారు, మందు కొట్టారు, కొందరు ఇంకో బోరు తోలించారు. కొత్త బోరూ అదే రాతిలోకి దిగింది. ఆ నీళ్లతో స్నానం చేస్తే దురదలు, దద్దుర్లు వస్తున్నాయన్నారు. తాగిన గొర్రెలు చనిపోయాయన్నారు. లక్షలు పెట్టిన తోటలను కళ్లారా చూస్తూ దున్నేసినవాళ్లున్నారు.

ఆ తెల్లపొర దగ్గర కాసేపు ఆగాలి. సోడియం ఎక్కువైన నీళ్లు పారితే మట్టిలోని బంకరేణువులు ఒకదాన్నొకటి వదిలేసి, సందులన్నీ పూడ్చేస్తాయి. నేలలోకి గాలి పోదు, నీరు ఇంకదు, వేరు దిగదు. సీమ రైతుకు చౌడు కొత్త కాదు. కానీ చౌడు తరాల మీద పుట్టే రోగం. నాలుగైదేళ్లలో ఒక్క దిక్కు నుంచే పాకుతూ రావడం ఎవరూ ఎరగరు. తాతముత్తాతల నుంచి ఆ నేల దున్నుతున్నవాళ్లకు ఇది మామూలు చౌడు కాదని తెలియడానికి పరికరం అక్కర్లేకపోయింది. అయితే వాళ్లకు తెలిసింది అంతవరకే. సోడియం తెల్లగా బయటపడింది గానీ, దాని వెంట వచ్చిందేమో అని భయపడిన యురేనియానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆ నీళ్లలో పప్పు ఉడికినా ఉడకకున్నా అది యురేనియం సంగతి చెప్పదు. కాచి తాగితే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అది ముందుగా దెబ్బతీసేది మూత్రపిండాలను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంది. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షో వంతు. ఏ బావి దగ్గరి అవ్వ నాలుకకూ అందే కొలత కాదది.

ఊరు ఓడిపోయింది ఇక్కడే. తన నీళ్లను తాను పరీక్షించుకునే శక్తి ఊరి చేతిలోంచి జారిపోయింది. పరికరం ఎవరి దగ్గరుందో మాట వాళ్లదే అయింది. గని చుట్టూ నీళ్లు పట్టి చూసే ప్రయోగశాల అణుశక్తి విభాగానిదే. ఫ్యాక్టరీ ఆ విభాగానిదే. రేడియేషన్ సంగతి అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. సోడియం, సల్ఫేటు కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. బోరు లోతు భూగర్భజల శాఖ చూస్తుంది. దద్దుర్లు వైద్య శాఖ చూస్తుంది. పైన అప్పుడు 1962 నాటి అణుశక్తి చట్టం ఉండేది, సమాచారాన్ని మూసిపెట్టుకునే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన చట్టం. కొట్టాల రైతుకు మాత్రం పొలం ఒకటే, బోరు ఒకటే, ఒళ్లు ఒకటే.

నీళ్ల నమూనా తీయడం చూడడానికి చిన్న పని. మోటారు వేసి పైపులో నిలిచిన నీళ్లు పోయేదాకా వదలాలి. తెల్లని ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండుమూడు సార్లు కడగాలి. నిండా పట్టి, లోహం సీసా గోడకు అంటకుండా రెండు చుక్కలు నత్రికామ్లం వేయాలి. మూత బిగించి, బోరు ఎవరిది, ఎన్ని అడుగులు, ఏ తేదీ అని చీటీ అతికించాలి. అంతా పావుగంట. ఆ సీసా జీపెక్కాక ఊరికి దానితో సంబంధం తెగిపోతుంది. ఫలితం వచ్చిందా, వస్తే ఎంత అన్నది మళ్లీ ఆ బోరు వాకిటికి వచ్చి చెప్పే ఏర్పాటు లేదు. రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది ముఖ్యంగా ఇదే. మా నీళ్లు పట్టుకుపోయారు, వాటిలో ఏముందో మాకు కాగితం మీద రాసివ్వండి.

ఆ కాగితం కోసం పోరాడినవాళ్లలో డాక్టర్ కె. బాబూరావు పేరు చెప్పుకోవాలి. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త. కొట్టాల చుట్టుపక్కల బోరునీళ్లలో యురేనియం పరిమితులకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని, చెరువు అడుగు సరిగా లేదని 2018లో కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. ఆ మాట పత్రికలకెక్కింది. అధికారులు ఊళ్లకు వచ్చారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2019 ఆగస్టులో యురేనియం కార్పొరేషన్‌కు సంజాయిషీ నోటీసు ఇచ్చింది, నిపుణుల కమిటీని కూడా వేసింది. ఒక రాష్ట్ర మండలి అణుశక్తి విభాగపు సంస్థను సంజాయిషీ అడగడం చిన్న విషయం కాదు. ఆ రోజు పల్లెల్లో కొంత ధైర్యం వచ్చింది. కార్పొరేషన్ ఆరోపణలను తోసిపుచ్చింది. యురేనియం ఉన్న రాతి నీళ్లలో యురేనియం సహజంగానే ఉంటుందని, చెరువు నుంచి ఏదీ ఊరడం లేదని వాదించింది.

ఆ వాదనను నేను అబద్ధమని తోసెయ్యను. ఖనిజం ఉన్న రాతిని ఒరుసుకుంటూ వచ్చే నీళ్లలో కొంత యురేనియం ఎక్కడైనా ఉంటుంది. సీమలో ఫ్లోరైడ్ కూడా అలా వచ్చిందే. కానీ ఆ వాదన నిలబడాలంటే ఒక పాత కాగితం కావాలి: 2007కు ముందు ఇదే కొట్టాలలో, ఇదే బోరులో, యురేనియం ఎంత, సోడియం ఎంత. ప్రాజెక్టుకు ముందే చుట్టుపక్కల నీళ్లు తీసి పరీక్షించడం పర్యావరణ అనుమతికి నిబంధన. ఆ పాత లెక్కను బోరు వారీగా ఇవాళ్టి లెక్క పక్కన పెట్టి ఊరి రచ్చబండ మీద చదివితే సహజమో కాదో పిల్లలకు కూడా తెలిసిపోతుంది. లెక్కలు ఎవరి దగ్గరున్నాయో రుజువు భారం వాళ్లదే కావాలి. పంట పోయినవాడిని రుజువు తెమ్మనడం అన్యాయం.

ఇదే బాధ పడిన ఊళ్లు వేరే ఉన్నాయి. 1979 జూలై 16న అమెరికాలోని న్యూమెక్సికోలో, చర్చ్‌రాక్ దగ్గర యురేనియం వ్యర్థాల చెరువు కట్ట తెగి, ఆ బురదనీరు ప్యుయెర్కో వాగులోకి పోయింది. ఆ దేశ చరిత్రలో పరిమాణంలో అతిపెద్ద రేడియోధార్మిక ప్రమాదం అదే. వాగు వెంట ఉన్నది గొర్రెలు కాచుకునే నవాహో ఆదివాసులు. వాళ్ల నేలలో 500కు పైగా వదిలేసిన యురేనియం గనులు ఇప్పటికీ ఉన్నాయి. చాలా కుటుంబాలు నీళ్లు బండ్ల మీద తెచ్చుకుంటాయి. మన రాజస్థాన్‌లో బిచ్‌డీ అనే ఊళ్లో రసాయన ఫ్యాక్టరీల వ్యర్థం నేలలోకి దిగి బావుల్లో నీళ్లు ఎర్రబడ్డాయి. 1996లో సుప్రీంకోర్టు, కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలని ఆ ఊరి కేసులోనే తీర్పు చెప్పింది. ఆ డబ్బు రాబట్టడానికి అదే కోర్టు 2011లో మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. బిచ్‌డీ వాళ్ల నీళ్లు కనీసం ఎర్రగా మారి నేరాన్ని బయటపెట్టాయి. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో నక్కవాగు నురగలు కక్కింది, కంపు కొట్టింది. కొట్టాల నీళ్లకు ఆ నోరు కూడా లేకపోయింది.

నవాహో వాళ్లకైనా కొట్టాల వాళ్లకైనా చెడిన నీళ్లను తిరిగి బాగుచేయడం దాదాపు కాని పని. పైన పారే నదైతే ఒక వరదకు కొంత తేరుకుంటుంది. 600 అడుగుల అడుగున రాతి పగుళ్లలో పాకిన విషాన్ని తోడి తీయడానికి దశాబ్దాలు పడుతుంది, అదీ ఖర్చు పెట్టేవాడుంటే. అందువల్ల చేయగలిగినదంతా ముందే చేయాలి. చెరువు చుట్టూ వాలు దిక్కున కాపలా బోర్లు వేయాలి. నెలనెలా వాటి నీళ్లు తీసి, ఫలితం తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. తాగునీళ్లనైనా ఆ రాతికి దూరంగా ఉన్న వేరే నీటి ఆధారం నుంచి ముందే తెచ్చిపెట్టాలి. సీసా మీద ఒక్క అధికారే కాకుండా ఊరివాడూ సంతకం చేయాలి. అంత పెద్ద నిల్వ దొరికిందని ప్రకటించుకున్న ప్రాజెక్టుకు ఇదొక ఖర్చు కాదు. అయినా ఇవి రైతులు ధర్నాలు చేసి అడిగే డిమాండ్లుగానే మిగిలాయి. అది నాకు మింగుడుపడని సంగతి.

ఇప్పుడు ఆ పల్లెల్లో మంచినీళ్లంటే ఇరవై లీటర్ల క్యాను. ఆ క్యాను నింపే ఆర్వో యంత్రం యురేనియాన్ని చాలావరకు ఆపుతుంది, నిజమే. కానీ యంత్రం ఆపినదంతా చిక్కబడి ఇంకో గొట్టంలోంచి బయటికొచ్చి, వాకిట్లోంచి కాలువలోకి, కాలువలోంచి మళ్లీ నేలలోకే పోతుంది. క్యాను నీళ్లు మనుషులు తాగుతారు. బర్రె తాగేది, గొర్రె తాగేది, బట్టలు ఉతికేది, తోటకు పారేది బోరునీళ్లే. కూలికి పోయే ఇంట్లో క్యాను కూడా లెక్కచూసి వాడతారు.

గనికి ఆయుస్సుంది. ఖనిజం అయిపోయిన రోజు, లేదా దాని ధర గిట్టని రోజు గేటు మూస్తారు. చెరువు మాత్రం అక్కడే ఉంటుంది. అందులోని రేడియం సగం తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. దానికి పుట్టుక ఇచ్చే థోరియం-230 సగం కావడానికి 75,000 ఏళ్లు. అంతకాలం ఆ కట్ట నిలవాలి, ఆ అడుగు కారకూడదు, ఎవరో ఒకరు బోరులో నీళ్లు తీసి చూస్తూ ఉండాలి. గండికోట కట్టి వెయ్యేళ్లు కాలేదు. ఇదే జిల్లాలో పెన్న లోయ అంచున నిలబడిన ఆ రాతిగోడల్లో ఎన్నో కూలిపోయాయి. మట్టికట్టకు ఇంత ఆయుస్సు పోసే విద్య మనుషుల దగ్గర లేదు.

2006లో భూములు ఇవ్వబోమని ప్రజాభిప్రాయ సేకరణలో లేచి నిలబడిన పల్లెల్లో, తర్వాతి కాలంలో కె.కె.కొట్టాల రైతులు అధికారుల ముందు పెట్టిన కోరిక వేరు. చెరువు పక్కన మిగిలిన మా పొలాలు, మా ఇళ్లు కూడా మీరే తీసుకోండి, పరిహారమిచ్చి మమ్మల్ని ఇంకోచోటికి పంపండి అని అడిగారు. ఎకరం వదులుకోవడానికి ప్రాణం ఒప్పని నేలలో, అరటి గెలలు దిగిన తోటలున్నవాళ్లు, తమ భూమిని తీసుకొమ్మని తామే అర్జీలు రాసుకున్నారు.